బీపీ పెరిగిన గర్భిణి, ఇద్దరే నర్సులున్న వార్డు

గర్భిణికి బీపీ 160/110 దాటితే ఏం చేయాలన్న దానిమీద డాక్టర్ల మధ్య పెద్ద వివాదమేమీ లేదు. వాడాల్సిన మందులు ఏనాడో తేలిపోయాయి. అవి పాతవి, చవకైనవి కూడా. ఫిట్స్‌ను అడ్డుకునే మెగ్నీషియం సల్ఫేట్ అయితే ఒక మామూలు లవణం. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రీఎక్లాంప్సియా అనే ఈ గర్భిణుల బీపీ జబ్బు వల్ల ఏటా దాదాపు 46,000 మంది తల్లులు, 5 లక్షల మంది గర్భస్థ, నవజాత శిశువులు చనిపోతున్నారు. ఎక్కువ మరణాలు పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే.

వసతుల్లేని ఆస్పత్రి అనగానే లేని వెంటిలేటరు, లేని ఐసీయూ గుర్తుకొస్తాయి. అవి లేకపోవడం లోటే. కానీ ఈ జబ్బులో వాటి అవసరం రాకముందే వ్యవహారం చెయ్యి దాటిపోతుంది. దానికి అసలు కారణం చూసేవాళ్లు తక్కువ కావడం. నిండిపోయిన వార్డులో రాత్రి డ్యూటీకి ఇద్దరే నర్సులుంటే, ఒకే మనిషి దగ్గరికి పావుగంటకోసారి వెళ్లి బీపీ చూడటం కాగితం మీద రాసినంత తేలిక కాదు. కాబట్టి చిన్న ఆస్పత్రి ముందున్న అసలు ప్రశ్న ఏ పరికరం కొనాలన్నది కాదనిపిస్తుంది నాకు. ఉన్న నలుగురి కళ్లూ చేతులూ ఏ గంటలో ఎవరి మీద ఉండాలన్నదే.

ముందు జబ్బు సంగతి. గర్భంతో ఉండగా కనిపించే బీపీ అంతా ఒకటి కాదు. గర్భం రాకముందు నుంచో, 20 వారాల లోపో ఉన్నదైతే అది పాత బీపీ. 20 వారాలు దాటాక కొత్తగా 140/90గానీ, అంతకు మించిగానీ వస్తే గర్భం వల్ల వచ్చిన బీపీ. దానికి మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివర్, కిడ్నీ, మెదడు దెబ్బతింటున్న గుర్తులో, ప్లేట్‌లెట్లు పడిపోవడమో తోడైతే ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ కూడా వస్తే ఎక్లాంప్సియా, అంటే గుర్రపువాతం.

దీని మూలం మాయలో (ప్లాసెంటాలో) ఉంటుంది. మామూలుగా గర్భం తొలి నెలల్లో గర్భాశయపు గోడలోని సన్నటి మెలికల ధమనులు వెడల్పయి, మాయకు ధారాళంగా రక్తం అందిస్తాయి. ప్రీఎక్లాంప్సియా వచ్చేవాళ్లలో చాలామందికి ఇది సరిగా జరగదు. రక్తం చాలని మాయ కొన్ని ప్రొటీన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. అందుకే ఒకామెకు తలనొప్పి, ఇంకొకామెకు చూపు మసక, మరొకామెకు పక్కటెముకల కింద కుడివైపు నొప్పి. మూడోదాన్ని గ్యాస్ అనుకుని మందు బిళ్ల ఇచ్చి పంపేయడం చాలా సులువు. బీపీ ఈ మొత్తంలో మనం బయటినుంచి కొలవగలిగిన ఒక ముక్క మాత్రమే. మందుతో అంకె దిగినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. మాయ బయటికొచ్చాకే తగ్గుదల మొదలవుతుంది, అదీ వెంటనే కాదు.

పట్టీ దగ్గరే జారిపోయే కేసులు

రద్దీగా ఉండే క్లినిక్కుల రిజిస్టర్లలో 110/70, 120/80 అన్న అంకెలే పేజీల కొద్దీ కనిపిస్తుంటాయి. మనుషుల బీపీ అంత గుండ్రంగా ఉండదు. చివరి అంకెను సున్నాకు దించేయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, 138/88ని 130/80 అని రాస్తే గీత అంచున ఉన్న మనిషి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతుంది. వారం రోజుల్లో మళ్లీ రమ్మని చెప్పాల్సిన మనిషికి వచ్చే నెల తారీఖు పడుతుంది.

కొలిచే పద్ధతిలో తప్పులు కూడా ఇలాంటివే. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎడమపక్కకు తిరిగి పడుకున్న గర్భిణికి పైనున్న కుడిచేతికి పట్టీ కడితే ఆ చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటుంది, కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఈ రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే బీపీ ఉన్నవాళ్లనే అలా పక్కకు తిప్పి పడుకోబెడతారు. వీపు ఆనించి కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు కుదురుకోనిచ్చి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, మాట్లాడనివ్వకుండా చూడాలి. స్టెతస్కోపుతో చూసేటప్పుడు శబ్దం పూర్తిగా ఆగిపోయిన చోటే కింది బీపీ.

మిషన్ల సంగతి ఇంకో చిక్కు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం తర్వాత పాదరసం బీపీ మిషన్లు తెరమరుగవుతున్నాయి. వాటి స్థానంలో వచ్చిన ముల్లు డయల్ మిషన్లు కొన్నాళ్లకు గతి తప్పుతాయి, వాటిని సరిచూసే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. బ్యాటరీ మిషన్లలో ఎక్కువ భాగాన్ని గర్భిణుల మీద పరీక్షించనే లేదు. ప్రీఎక్లాంప్సియాలో కొన్ని మిషన్లు ఉన్న బీపీ కంటే తక్కువ చూపిస్తాయి. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకుల చొరవతో వచ్చిన క్రేడిల్ అనే చిన్న మిషను ఈ లోటు తీర్చడానికే పుట్టింది. దాన్ని గర్భిణుల్లో, ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లలో సరిచూశారు. సెల్‌ఫోన్ ఛార్జరుతో ఛార్జ్ అవుతుంది. అంకెతో పాటు ట్రాఫిక్ లైట్లలా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులు చూపిస్తుంది. ఎరుపు వెలిగితే కొత్తగా చేరిన ఆయా అయినా గాబరాపడి నర్సును పిలుస్తుంది. అదే దాని గొప్ప.

160/110 వస్తే పావుగంటలో మళ్లీ చూడాలి. మళ్లీ అంతే ఉంటే ఇక మందు మొదలుపెట్టాలి, అరగంట నుంచి గంట లోపు. మూత్రం రిపోర్టు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. స్ట్రిప్పు లేకపోతే మూత్రాన్ని వేడిచేసి చూసే పాత పద్ధతైనా పనికొస్తుంది గానీ, ప్రొటీన్ లేదన్నంత మాత్రాన ప్రీఎక్లాంప్సియా లేదని ఇప్పుడెవరూ అనడం లేదు. తీవ్రమైన తలనొప్పి, పడిపోయిన ప్లేట్‌లెట్లు కనిపిస్తే ప్రొటీన్ లేకపోయినా అది ప్రీఎక్లాంప్సియానే. ఇక కాళ్ల వాపు. నెలలు నిండేకొద్దీ చాలామందికి కాళ్లకు నీరు పడుతుంది. దాన్ని చూసి కంగారుపడటం ఎంత పొరపాటో, అది లేదు కదా అని ధీమాగా ఉండటం అంతే పొరపాటు.

పద్నాలుగు ఆంపూల్స్

ఒకప్పుడు ఎక్లాంప్సియాకు ఎవరి మందు వారిది. కొందరు డయాజెపామ్, కొందరు ఫెనిటోయిన్ వాడేవాళ్లు. 1995లో వెలువడిన ఒక పెద్ద ట్రయల్ ఈ గొడవ తేల్చింది. ఫిట్స్ మళ్లీ రాకుండా ఆపడంలో మెగ్నీషియం సల్ఫేట్ ఆ రెండింటినీ మించిపోయింది. 2002లో మ్యాగ్‌పై ట్రయల్ వచ్చింది. 33 దేశాల్లో 10,000 మందికి పైగా ప్రీఎక్లాంప్సియా స్త్రీల మీద జరిగిన ఆ పరీక్షలో మెగ్నీషియం తీసుకున్నవాళ్లకు ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గింది.

దీన్ని ఇచ్చే పద్ధతులు రెండున్నాయి. జుస్పాన్ పద్ధతిలో మొదటి డోసు నరానికిచ్చి, ఆపైన గంటకో గ్రాము చొప్పున డ్రిప్పులో ఎక్కిస్తారు. దానికి ఇన్‌ఫ్యూజన్ పంపు ఉండాలి, లేదంటే చుక్కలు లెక్కపెడుతూ పక్కనే మనిషుండాలి. ప్రిచర్డ్ పద్ధతిలో మొదటి 4 గ్రాములే నరానికి, మిగతావన్నీ పిరుదుల్లో కండకు. నొప్పి ఎక్కువ. గడ్డ కట్టే ప్రమాదం కూడా లేకపోలేదు. కానీ కరెంటు పోతే ఆగిపోయేది ఏమీ లేదు, అంబులెన్సులో ఊగిపోయే సెలైన్ బాటిల్ లేదు. ఇద్దరు నర్సులున్న వార్డుకు నా ఓటు దీనికే.

చేతిలో పని ఎలా ఉంటుందో చూడండి. మామూలుగా దొరికే 50 శాతం ఆంపూల్‌లో (మందుండే చిన్న గాజు బుడ్డిలో) 2 మి.లీ. ఉంటుంది, అంటే ఒక గ్రాము. మొదటి డోసు మొత్తం 14 గ్రాములు, అంటే పద్నాలుగు ఆంపూల్స్ పగలగొట్టాలి. నాలుగు ఆంపూల్స్, అంటే 8 మి.లీ., పెద్ద సిరంజిలోకి తీసుకుని 12 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 20 మి.లీ. అవుతుంది. దాన్ని నరానికి నిదానంగా ఇవ్వాలి, కనీసం అయిదు నిమిషాలు, వీలైతే ఇంకాస్త ఎక్కువసేపు. ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుందని ఆమెకు ముందే చెప్పడం మంచిది. మిగిలిన పది ఆంపూల్స్‌ను రెండు సిరంజిల్లోకి సమంగా తీసుకుని, ఒక్కోదానిలో నొప్పి తెలియనివ్వని లిగ్నోకైన్ 1 మి.లీ. కలిపి, రెండు పిరుదుల్లోనూ లోతుగా ఇవ్వాలి. ఫిట్స్ వస్తున్న మనిషి పక్కన నిలబడి అర్ధరాత్రి ఈ లెక్కంతా వేయడమంటే చేతులు వణుకుతాయి. అందుకే పద్ధతైన లేబర్ రూముల్లో ఒక డబ్బా విడిగా ఉంటుంది. అందులో పద్నాలుగు ఆంపూల్స్, స్టెరైల్ వాటర్, సిరంజిలు, లిగ్నోకైన్, విరుగుడు మందు అన్నీ ఉంటాయి. డబ్బా మూతకు కలిపే లెక్క రాసిన కాగితం అంటించి ఉంటుంది. ఏ ఆస్పత్రికైనా దీనికి కావలసింది ఒక అట్టపెట్టె, షిఫ్టు మారినప్పుడల్లా లెక్క చూసే అలవాటు.

ఆపైన నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. కాన్పు తర్వాత లేదా చివరి ఫిట్ తర్వాత, ఏది ఆలస్యమైతే దాన్నుంచి 24 గంటలదాకా ఇవ్వాలి.

ఈ మందంటే భయం చాలామందికి ఉంది. భయానికి కారణమూ ఉంది. ప్రిచర్డ్ బృందం 1984లో అమెరికాలోని డల్లాస్ నుంచి 245 మంది ఎక్లాంప్సియా కేసుల లెక్క ప్రచురించింది. అంతమందిలో చనిపోయింది ఒక్క తల్లే. ఆ ఒక్క మరణమూ మెగ్నీషియం మోతాదు మించడం వల్లే. ఆ 244 మందినీ పక్కన పెట్టి ఈ ఒక్కరినే గుర్తుపెట్టుకునేవాళ్లు మందు ఇవ్వడానికి జంకుతారు. నిజానికి ఈ మందు చెప్పకుండా దెబ్బ కొట్టదు. ఒంట్లో పాళ్లు పెరిగేకొద్దీ ముందు మోకాలి స్పందన పోతుంది, ఆ తర్వాతే ఊపిరి ఆగే స్థితి వస్తుంది. కాబట్టి రక్తంలో మెగ్నీషియం కొలిచే ల్యాబు లేకపోయినా, మోకాలి చిప్ప కింద తట్టి చూసే చిన్న సుత్తి సరిపోతుంది. సుత్తి కూడా లేకపోతే స్టెతస్కోపు అంచుతో తట్టినా చాలు.

ప్రతి డోసుకు ముందు మూడు చూడాలి. మోకాలు కదులుతోందా, నిమిషానికి ఊపిరి 16కు తగ్గకుండా ఉందా, గత నాలుగు గంటల్లో గంటకు 30 మి.లీ.కు తగ్గకుండా మూత్రం వచ్చిందా. మెగ్నీషియం ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే, అందుకే మూత్రం లెక్క అంత ముఖ్యం. మూడింటిలో ఏది తేడాగా ఉన్నా ఆ డోసు ఆపాలి. ఊపిరి తగ్గిపోతే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్, ఒక గ్రాము, నరానికి నిదానంగా. ఇదంతా అయిదు నిమిషాల పని. కానీ నాలుగు గంటలకోసారి ఆ అయిదు నిమిషాలు తప్పకుండా దొరకాలి. లోటు కనిపించేది అక్కడే.

బీపీ దించే మందుల్లో చిన్న ఆస్పత్రులకు అచ్చొచ్చిన వార్త ఒకటుంది. నరానికి ఇచ్చే లాబెటలాల్, హైడ్రలజైన్ ఇస్తే పక్కనే ఉండి కనిపెట్టుకోవాలి. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన నాగపూర్ ట్రయల్ తీవ్రమైన బీపీ ఉన్న గర్భిణులకు నోటిద్వారా ఇచ్చే మూడు మందుల్ని పోల్చింది. రెండు ప్రభుత్వ ఆస్పత్రుల్లో జరిగింది. ఆరు గంటల్లో బీపీ అదుపులోకి వచ్చి, చెడు ఫలితమేదీ లేనివాళ్లు నిఫెడిపిన్‌తో 84 శాతం, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76. మిథైల్‌డోపా నిదానం మందని అందరూ తీసిపారేసేదే, అదీ అంత పనిచేసింది. అంటే అలమరలో ఏ బిళ్ల ఉంటే అది, ఇప్పుడే. నిఫెడిపిన్‌ను నాలుక కింద పిండటం మాత్రం మానుకోవాలి, బీపీ దబ్బున పడిపోతే బిడ్డకు రక్తం అందదు. లక్ష్యం 120/80 కాదు. 160/110 కిందికి వచ్చి 140-150/90-100 దగ్గర నిలిస్తే చాలు.

ఇంకో అలవాటు. మంచం ఎక్కగానే సెలైన్ పెట్టేయడం. ప్రీఎక్లాంప్సియాలో రక్తనాళాల గోడలు కారుతుంటాయి, ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వెంటిలేటరు లేని చోట అది కోరి తెచ్చుకున్న చావు. అన్నీ కలిపి గంటకు 80 మి.లీ. మించకుండా చూడమంటారు.

ఆగాలా, కాన్పు చేసేయాలా

37 వారాలు నిండితే ఆలోచించాల్సింది లేదు, కాన్పు చేయించాలి. అంతకు ముందయితే తల్లికి కాన్పు మంచిది, బిడ్డకు కడుపులో ఉండటం మంచిది. పెద్దాస్పత్రులు రోజుకు రెండుసార్లు రక్త పరీక్షలు చేస్తూ, బిడ్డ గుండె చూస్తూ కొన్నాళ్లు ఆగగలవు. పరీక్షలకే ఠికాణా లేని చోట ఆగడమంటే ఏం జరుగుతుందో తెలియకుండా ఎదురుచూడటం. మరి చిన్నపిల్లల వార్డూ అంతంతమాత్రమే అయినప్పుడు ముందే పుట్టిన బిడ్డ గతేంటి?

ఈ చిక్కు మీదే భారత్, జాంబియాల్లో క్రేడిల్-4 ట్రయల్ జరిగింది, ఫలితాలు 2023లో వచ్చాయి. 34 నుంచి 37 వారాల మధ్య ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లలో కొందరికి ముందుగానే కాన్పు చేశారు, కొందరిని ఆగనిచ్చారు. ముందు కాన్పు వల్ల తల్లుల ఇతర సమస్యలు పెద్దగా తగ్గలేదు గానీ తీవ్రమైన బీపీ తగ్గింది. పిల్లల వైపు భయపడినంత నష్టం జరగలేదు, కడుపులో చనిపోయిన బిడ్డలు తక్కువ. వసతులు లేనిచోట ఆగడమే భద్రం అనుకునేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి తీరిగ్గా చూడాలి.

34 వారాల లోపు కథ వేరు. అక్కడ బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒక గుణపాఠం. ఆరు దేశాల్లో జరిగిన 2015 నాటి ఏక్ట్ ట్రయల్‌లో కింది స్థాయిదాకా ఈ ఇంజక్షన్లను విరివిగా వాడించారు. చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు సరికదా, మొత్తం మీద నవజాత శిశు మరణాలు, తల్లులకు ఇన్ఫెక్షన్లు పెరిగాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన యాక్షన్ ట్రయల్ అదే మందును వారాల లెక్క సరిగా తెలిసి, బిడ్డను చూసుకునే ఏర్పాటున్న ఆస్పత్రుల్లో ఇచ్చింది. అక్కడ మరణాలు తగ్గాయి. మందు అదే. వారాల లెక్క, బిడ్డను పట్టుకునే చేతులు తేడా.

ఇలాంటిదే సమాజ స్థాయిలో జరిగిన క్లిప్ ట్రయల్. భారత్, పాకిస్తాన్, మొజాంబిక్‌లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి గర్భిణుల బీపీ చూశారు, అవసరమైతే మిథైల్‌డోపా బిళ్ల, కండకు మెగ్నీషియం ఇచ్చి ఆస్పత్రికి పంపారు. 2020లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది: మొత్తం మీద తల్లీబిడ్డల నష్టం తగ్గలేదు. ఊళ్లో ఎంత బాగా కనిపెట్టినా, పంపిన చోట సత్తువ లేకపోతే ప్రయోజనం ఉండదన్నదే దీని అర్థమని నేననుకుంటాను.

పంపడంలోనూ మెలకువ కావాలి. మొత్తం కోర్సు ఇవ్వలేని ఆస్పత్రి కూడా మెగ్నీషియం మొదటి డోసు, బీపీ బిళ్ల ఇచ్చే పంపాలి, ఫిట్స్ దారిలోనూ వస్తాయి. మూత్రపు గొట్టం వేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంట ఒక నర్సు వెళ్లాలి. అవతలి ఆస్పత్రికి ముందే ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం కాగితం. ‘మెగ్నీషియం ఇచ్చాం’ అని మాత్రమే రాస్తే అవతలి డాక్టరుకు సందేహం: ఎంత, ఎప్పుడు? ఇవ్వలేదేమోనని మళ్లీ 14 గ్రాములు ఇస్తే విషమవుతుంది, ఇచ్చారనుకుని ఊరుకుంటే ఫిట్స్ వస్తాయి. ఎన్ని గ్రాములు, నరానికా కండకా, ఎన్ని గంటలకు, ఆఖరి బీపీ ఎంత అన్న నాలుగు ముక్కలు చేతి మీద పెన్నుతో రాసినా నయమే.

కాన్పయ్యాక

బిడ్డ ఏడుపు వినిపించగానే అందరూ తేలికపడతారు, మంచం ఖాళీ చేయించే తొందర మొదలవుతుంది. కానీ బీపీ బాగా పెరిగేది కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య. అప్పటికి చాలామంది ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఎక్లాంప్సియా కేసుల్లో గణనీయమైన వాటా కాన్పు తర్వాతే వస్తుంది, అంతకుముందు బీపీ లేనివాళ్లకు కూడా. బాలింతకు తలనొప్పి అంటే నిద్రలేమి అనుకునే ఇంట్లో ఇది తేలిగ్గా దాటిపోతుంది. రక్తస్రావం ఆపడానికి ఇచ్చే మిథర్జిన్ ఇంజక్షన్ బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదన్నది లేబర్ రూములో గోడ మీద రాసి ఉండాల్సిన మాట. ఆక్సిటోసిన్ ఇవ్వొచ్చు.

మంచాలు చాలని చోట అందరినీ వారం ఉంచుకోలేరు. కనీసం ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లనైనా మూడు రోజులు ఉంచి, వారం లోపు బీపీ చూసే తారీఖు ఇచ్చి, బీపీ బిళ్లలు చేతిలో పెట్టి పంపాలి. ఉప్పు పూర్తిగా మానేయమని, నెలల తరబడి మంచం దిగొద్దని చెప్పే సలహాలకు ఆధారం లేదు. డిశ్చార్జ్ కాగితంలో ఆ చోటు ఇంకో రెండు వాక్యాలకు వాడుకోవచ్చు. ప్రీఎక్లాంప్సియా వచ్చినామెకు మున్ముందు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు, కాబట్టి ఏటా బీపీ చూపించుకోవాలి. మళ్లీ గర్భం వస్తే 12 వారాల నుంచే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెట్టాలి, అంటే ఆమె మూడో నెలలోనే రావాలి. తిండిలో కాల్షియం తక్కువుండే చోట కాల్షియం బిళ్లలు కూడా. 2024లో భారత్, టాంజానియాల్లో తేలినదాని ప్రకారం ప్రీఎక్లాంప్సియాను ఆపడంలో రోజుకు 500 మి.గ్రా. కాల్షియం 1500కు తీసిపోదు. అంటే రోజుకు మూడు బిళ్లలు మింగాల్సిన చోట ఒకటి సరిపోతుంది.